మా బంతిలో మీకూ ఒక విస్తరి

చిరంజీవులైన పిల్లలందరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో మీరంతా ఒక్కసారే అడిగారు: అక్కడ అందరూ ముసలివాళ్ళేనా, నీకు అన్నం ఎవరు పెడతారు, రోజంతా ఏం తోస్తుంది అని. బళ్ళో ఎవరో "మీ అమ్మమ్మని ఆశ్రమంలో పెట్టారట కదా" అన్నారని చిన్నది ఏడుపు గొంతుతో చెప్పింది. అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీరు చదివాక, ఆ మాటన్న పిల్లకు కూడా చదివి వినిపించండి.

ముందు ఆశ్రమం సంగతి. వృద్ధాశ్రమం అంటే చూసుకునే దిక్కులేని పెద్దవాళ్ళకు నీడా, తిండీ ఇచ్చే చోటు. అక్కడ ఉండడం ఎవరికీ చిన్నతనం కాదు. అలాంటి చోట్లను మనసుపెట్టి నడిపేవాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి. బిడ్డలుండీ చూడని తల్లిదండ్రుల కోసం మన దేశంలో 2007లో ఒక చట్టమే తెచ్చారు. నేనుంటున్నది మాత్రం అది కాదు. ఇది హైదరాబాదు శివారులో పెద్దవాళ్ళ కోసమే కట్టిన కాలనీ. రిటైర్మెంట్ కమ్యూనిటీ అంటున్నారు. ఎవరి ఇల్లు వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. కొందరు కొనుక్కున్నారు, కొందరు అద్దెకున్నారు. అమెరికాలో అరిజోనా ఎడారిలో సన్ సిటీ అని ఇలాంటి ఊరినే 1960 జనవరి 1న తెరిచారు. మన దేశంలో ఇప్పుడు కోయంబత్తూరు, పుణె, బెంగళూరు, హైదరాబాదు చుట్టుపక్కల ఇలాంటివి లేచాయి. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరవై దాటినవాళ్ళు పది కోట్ల పైచిలుకు. వాళ్ళలో ఎంతమంది బిడ్డలు దూరదేశాల్లో ఉన్నారో మీ చుట్టూ చూస్తే మీకే తెలుస్తుంది.

మా ఇళ్ళకు గడపలుండవు. కాలు తట్టుకుని పడకూడదని, చక్రాల కుర్చీ సాఫీగా వెళ్ళాలని అలా కట్టారు. మంచి ఆలోచనే. కానీ గడప లేని ఇంటికి పండగపూట పసుపు ఎక్కడ రాయాలి? మా వరసలో ఆడవాళ్ళందరం ఆలోచించి, గుమ్మం అడుగున నేలమీదే గడపంత వెడల్పున పసుపు పూసి కుంకుమ బొట్లు పెడుతున్నాం. ఈసారి వచ్చినప్పుడు చూడండి, దూరానికి నిజం గడపలాగే కనబడుతుంది.

ఇక అన్నం సంగతి. అందరికీ సొంత వంటిళ్ళున్నా, మధ్యాహ్నం చాలామందిమి భోజనాల హాలుకే వెళతాం. రానివాళ్ళు ముందురోజు రాత్రే చెప్పాలి. అన్నం వృథా కాకూడదనే కాదు, దీనికి ఇంకో కారణం ఉంది. వస్తానని చెప్పిన మనిషి ఒంటిగంట దాటినా రాకపోతే, పక్క కుర్చీ వాళ్ళు వెళ్ళి తలుపు తట్టాలి. ఇది ఎవరూ రాసిపెట్టని నియమం, ఎవరూ తప్పరు. బాత్‌రూములో కాలు జారి పడ్డ ఒక పెద్దాయన్ని అలా వెళ్ళే చూసుకున్నాం. ఆయన ఇప్పుడు చేతికర్రతో మళ్ళీ హాలుకు వస్తున్నారు.

ఒంటరిగా ఉన్న మనిషి సరిగా వండుకోడు పిల్లలూ. నా ఒక్కదానికి పొయ్యి వెలిగించడమెందుకని, పాలలో రెండు బిస్కట్లు ముంచుకు తిని పడుకునేవాళ్ళు ఎందరో. వయసు మీదపడ్డాక ఆకలి ఎలాగూ తగ్గుతుంది. నాలుక కన్నా ముక్కు ఎక్కువ మందగిస్తుంది. రుచిలో చాలా భాగం వాసనే కదా, దాంతో ఏం తిన్నా చప్పగా ఉందనిపించి ఉప్పు కలుపుకుంటారు. రోజు మొత్తానికి ఐదు గ్రాములు, అంటే చిన్న చెంచాడు ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు తిన్నాక ఇంక ఆ లెక్కలో మిగిలేదేముంది? అందుకని మా వంటమాస్టరు ఉప్పు తగ్గించి వాసన పెంచుతాడు. కరివేపాకు ధారాళంగా, ఇంగువ ఒక పిసరు ఎక్కువ, చివర్న నిమ్మకాయ పిండుతాడు. దాహం కూడా అంతే, ఒంటికి నీళ్ళు కావాల్సి వచ్చినా మాకు తెలియదు. కావాలా అని అడిగితే వద్దంటామని, పదకొండు గంటలకు మజ్జిగ గ్లాసులు ఊరికే తెచ్చి చేతుల్లో పెట్టేస్తారు.

పళ్ళ సెట్టు పెట్టుకున్నవాళ్ళకు ఇంకో బాధ. ఒక్క ఆవగింజ సెట్టు కింద ఇరుక్కుందంటే ఆ పూట భోజనం మీద ఆశ వదులుకోవాల్సిందే. వాళ్ళకోసం పోపు వేయకముందే కొంత పప్పు పక్కకు తీసి ఉంచుతారు. మూత్రపిండాల జబ్బువాళ్ళకు బంగాళాదుంప కూర వడ్డించరు. రక్తం పలచనయ్యే మందు వేసుకునే కొందరికి ఆకుకూర ఒకరోజు బోలెడంత, ఒకరోజు అసలు లేకుండా ఉండకూడదని డాక్టర్లు చెబుతారు. ఇవన్నీ వడ్డించే అమ్మాయికి నోటికి వచ్చు. ఆ పిల్ల ఓర్పు చూస్తే నాకు కళ్ళు చెమరుస్తాయి.

పండగల గురించి కూడా అడిగారు కదా. బతుకమ్మకు తెలంగాణ వదినగార్లు సద్దులు కలుపుతారు: నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది, చింతపండు పులిహోర. ఉగాదికి పచ్చడి, శ్రీరామనవమికి పానకం, వడపప్పు ఎలాగూ ఉంటాయి. భోగిపళ్ళు పోయడానికి మాత్రం చంటిపిల్లలు కావాలి, మా కాలనీలో పిల్లలుండరు. వంటవాళ్ళ పిల్లల్ని, గేటు దగ్గర కాపలా ఉండేవాళ్ళ పిల్లల్ని కొత్త బట్టలతో కూర్చోబెట్టి రేగిపళ్ళు, చిల్లర, బంతిపూల రెక్కలు పోస్తాం. వాళ్ళు ఇప్పుడు మమ్మల్నందరినీ అమ్మమ్మా, తాతా అనే పిలుస్తారు.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైనది కార్తీక వనభోజనం. మా ఆవరణ చివర ఒక ఉసిరిచెట్టుంది. కార్తీకమాసంలో ఒక ఆదివారం దాని కింద పూజ చేసి, అక్కడే విస్తళ్ళు వేస్తాం. మోకాళ్ళు వంగవు కాబట్టి నేలమీద కాదు, బల్లలమీద. ఆ రోజు వంటమాస్టరు అన్నం, పప్పు, పులుసు మాత్రమే చేస్తాడు. మిగతావన్నీ ఒక్కో ఇంటినుంచి ఒక్కో వంటకం. పది రోజుల ముందే హాల్లో ఒక కాగితం అంటిస్తారు, ఎవరేం తెస్తారో దానిమీద రాయాలి. వండలేనివాళ్ళు పని రాసుకోవాలి. ఖాళీగా ఏ పేరూ ఉండకూడదు.

ఇక్కడ మీకు ఒక మాట విడమరిచి చెప్పాలి. ఈ వయసులో మాకు పెట్టేవాళ్ళకు కరువు లేదు. "నువ్వు కూర్చో అమ్మమ్మా, మేం చూసుకుంటాం" అని మీరూ అంటారు. అది ప్రేమే, నాకు తెలుసు. కానీ జీవితమంతా పదిమందికి పెట్టిన చేతులివి. ఇక పెట్టించుకోవడమే మిగిలిందంటే మనిషి లోపల్లోపల కుంగిపోతాడు. మా బంతి భోజనాలన్నీ నడిచేది కడుపు కోసం ఎంతో, పెట్టే చెయ్యి ఆగకుండా ఉండడం కోసం కూడా అంతే.

మా వెనక వరసలో పిన్నిగారొకరున్నారు. వణుకుడు జబ్బు. గరిట పట్టుకుంటే చెయ్యి నిలవదు. ఆవిడ కాగితం మీద ఏటా రాయించే వంటకం కంద బచ్చలి కూర. కంద తరగడం నేను, బచ్చలి తుంచడం ఎదురింటి అక్కగారు. పొయ్యి దగ్గర కుర్చీ వేసుకుని ఆవిడ కూర్చుంటుంది. చింతపండు పులుసు ఎంత పొయ్యాలో గిన్నెలో రంగు చూసి చెబుతుంది. కంద మెత్తబడిందో లేదో నేను నొక్కి చూసేలోపే, ఉడుకు చప్పుడు విని "ఇంకాస్త" అంటుంది. నూరిన ఆవ చేతికందిస్తే పొయ్యి మీద ఉండగా కలపనివ్వదు, కలిపితే చేదెక్కుతుంది. దించి, వేడి కాస్త తగ్గాక, ఆవ వేసి తిప్పమంటుంది. వంట ముగ్గురం చేసినా అది ఆవిడ కూరే. బంతిలో అందరూ అలాగే అడుగుతారు, "పిన్నిగారి కూర ఇంకో గరిటె వెయ్యమ్మా" అని.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన రైల్వే తాతగారు భార్య పోయాక ఒంటరివారయ్యారు. మొదటి ఏడు కాగితం మీద "అరటిపండ్లు" అని రాశారు. పొయ్యి వెలిగించడం రాదని సిగ్గుపడ్డారు. కూతురికి ఫోన్ చేసి, నిప్పుతో పని లేని వంట ఏదైనా చెప్పమ్మా అని అడిగి పచ్చిపులుసు నేర్చుకున్నారు. చింతపండు పిసకడం, నువ్వుల పొడి, బెల్లం, పచ్చిమిర్చి. పోపు మాత్రం వంటమాస్టరు పెట్టిస్తాడు. కార్తీకమాసంలో ఉల్లిపాయ తినని ఇళ్ళున్నాయని, ఆయన ఉల్లిముక్కలు వేరే గిన్నెలో తెస్తారు. కావలసినవాళ్ళు పైన చల్లుకుంటారు. ఆయన అలా ఆలోచించడం నాకు ఆ పులుసుకన్నా తియ్యగా తోచింది.

బయట ఈ మాసంలో కులాలవారీగా వనభోజనాలు పెట్టి ఫ్లెక్సీలు కడుతున్నారు. అది నాకు సుతరామూ నచ్చదు. ఒక చెట్టు కింద కూర్చుని ఎవరు పక్కన కూర్చోవాలో వెతుక్కోవడమేమిటి? మాది ఒకటే బంతి. వడ్డించే అమ్మాయి, తోటమాలి, అంబులెన్సు డ్రైవరు రెండో విడతలో కూర్చుంటే, మేం వడ్డిస్తాం. రైల్వే తాతగారు ఆ బంతిలో పచ్చిపులుసు వడ్డించేటప్పుడు ఆయన ముఖం చూడాలి మీరు.

మాటామాటా రాదా అంటే వస్తుంది. పులిహోరలో ఆవ వెయ్యాలా వద్దా అని గోదావరి వాళ్ళకూ, గుంటూరు వాళ్ళకూ ఏటా వాదనే. మంచాన పడ్డవాళ్ళకు క్యారియరు ఎవరు తీసుకెళ్ళాలన్న దగ్గర మాత్రం ఎవరూ వాదించరు. వాళ్ళ ఇళ్ళకు ముందు వెళ్ళాకే మేం విస్తరి ముందు కూర్చుంటాం. కిందటేడు బంతిలో ఉన్న కొందరు ఈ ఏడు ఉండరు. వాళ్ళు తెచ్చే వంటకాన్ని ఇంకొకరు తీసుకుంటారు. కాగితం మీద "ఫలానావారి బూరెలు" అని పాతపేరుతోనే రాస్తారు.

ఈ ఏడు మీరు రావాలి. కార్తీకమాసంలో ఏ ఆదివారం వీలవుతుందో మీ అమ్మతో ముందే చెప్పించండి, ఆ రోజే పెట్టించుకుంటాను. మీ పేర్లు కూడా కాగితం మీద రాయిస్తాను. పెద్దవాడు పులిహోర బేసిను మోయాలి. రెండోది విస్తళ్ళలో ఉప్పు, గ్లాసుల్లో నీళ్ళు వెయ్యాలి. ఉప్పు అడిగినవాళ్ళకు మాత్రమే, చిటికెడే. చిన్నది క్యారియర్ల వెంట నాతో వస్తుంది. రైల్వే తాతగారికి కుడిచెవి వినబడదు, ఎడమవైపు నిలబడి మాట్లాడండి. పిన్నిగారి చెయ్యి వణుకుతోందని ఆవిడ చేతిలోది లాక్కోకండి, అడిగితే అందుకోండి.

వచ్చేటప్పుడు ఒక స్టీలు డబ్బా తెచ్చుకోండి. కంద బచ్చలి కూర కొంచెం మీ అమ్మకు పట్టుకెళుదురుగాని. ఆవ ఊరి మర్నాటికి ఇంకా బాగుంటుంది.

ఇట్లు,
మీ అమ్మమ్మ