కోడలిది ఏ పార్టీ?

1960లో అమెరికాలో ఒక సర్వే చేసినవాళ్ళు తల్లిదండ్రులను ఓ ఇంటి ప్రశ్న అడిగారు: మీ అబ్బాయో అమ్మాయో అవతలి పార్టీవాళ్ళను పెళ్ళి చేసుకుంటే మీకు బాధగా ఉంటుందా? అవునన్నవాళ్ళు రెండు పార్టీల్లోనూ నూటికి ఐదుగురికి మించలేదు. 2010లో దాదాపు అదే ప్రశ్న మళ్ళీ అడిగితే రిపబ్లికన్లలో సుమారు సగం మంది, డెమోక్రాట్లలో మూడో వంతు మంది ఇష్టం లేదన్నారు.

స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ శాంతో అయ్యంగార్, ఆయన సహచరులు 2012లో ఈ మార్పును ముందుకు తెచ్చి ఒక ముఖ్యమైన మాట చెప్పారు. పన్నులెంత ఉండాలి, వైద్యం ఎవరు భరించాలి అన్న విధానాల మీద అభిప్రాయభేదం ఒకటి, అవతలివాళ్ళ పొడ గిట్టకపోవడం మరొకటి. రెండోదాన్నే ఇప్పుడు భావోద్వేగ ధ్రువణం (అఫెక్టివ్ పోలరైజేషన్) అంటున్నారు. దాన్ని కొలవడానికి అక్కడ ఓటర్ల చేత సున్నా నుంచి వంద దాకా మార్కులు వేయిస్తారు. సొంత పార్టీకి వేసిన మార్కులకూ అవతలి పార్టీకి వేసిన మార్కులకూ తేడా 1978లో సుమారు 27. 2020 నాటికి అది 56కి చేరింది. సొంత పార్టీ మీద ప్రేమ పెరిగి కాదు, అవతలి పార్టీకి వేసే మార్కులు పడిపోయి.

అయ్యంగార్, షాన్ వెస్ట్‌వుడ్ చేసిన ఒక ప్రయోగం నన్ను బాగా కలవరపెట్టింది. ఇద్దరు హైస్కూల్ విద్యార్థుల వివరాలు చూపించి స్కాలర్‌షిప్ ఎవరికివ్వాలో ఎంచుకోమన్నారు. కాగితం మీద మార్కులతో పాటు ఎవరిది ఏ పార్టీయో తెలిసే ఆధారం కూడా ఉంది. నూటికి 80 మంది దాకా తమ పార్టీ పిల్లవాడికే ఓటేశారు. అవతలి పిల్లవాడికి స్పష్టంగా ఎక్కువ మార్కులున్నా, అతన్ని ఎంచుకునే అవకాశం 30 శాతం దాటలేదు. రాజకీయంతో ఏ సంబంధమూ లేని చోట, ఇంకా చదువుకుంటున్న పిల్లల దగ్గర జరిగిన అన్యాయం ఇది.

అవతలివాళ్ళ గురించి మనసులో ఉన్న బొమ్మ కూడా చాలాసార్లు తప్పే. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు దాటి సంపాదించేవాళ్ళు రిపబ్లికన్లలో 44 శాతం ఉంటారని డెమోక్రాట్లు ఒక అధ్యయనంలో అంచనా వేశారు. నిజానికి వాళ్ళు 2 శాతమే. రిపబ్లికన్ల అంచనాలూ ఇంతే. పెళ్ళి ప్రశ్న విషయంలో ఇంకో కోణం కూడా ఉంది: 'కొత్తగా వచ్చే కోడలో అల్లుడో రాజకీయాలు పెద్దగా మాట్లాడరు' అని ఒక్క ముక్క చేరిస్తే చాలామందికి అభ్యంతరం పోయింది. అంటే వాళ్ళకు భయం అవతలి పార్టీ ఓటరు గురించి కాదు, పొద్దస్తమానం పార్టీ గొడవే మాట్లాడే మనిషి గురించి.

సరే, ఒకరినొకరు అసహ్యించుకుంటే ప్రజాస్వామ్యానికి వచ్చే నష్టమేంటి? మాథ్యూ గ్రాహం, మిలన్ స్వోలిక్ 2020లో ప్రచురించిన పరిశోధన దీనికి సూటిగా జవాబిస్తుంది. కోర్టు తీర్పులను పట్టించుకోననే అభ్యర్థి, ప్రత్యర్థికి బలమున్న చోట పోలింగ్ బూత్‌లు తగ్గిస్తాననే అభ్యర్థి... ఇలాంటి కల్పిత అభ్యర్థులను ఓటర్ల ముందు పెట్టారు. ప్రజాస్వామ్యం కావాలని అందరూ అంటారు. కానీ అలాంటి అభ్యర్థి తమ పార్టీవాడే అయినప్పుడు ఓటుతో శిక్షించేవాళ్ళు నూటికి నలుగురు కూడా లేరు. తప్పు తెలియక కాదు, అవతలివాడు గెలిస్తే కొంప మునుగుతుందన్న భయంతో చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారు. తప్పు చేసిన నాయకుడికి సొంత ఓటర్ల భయం లేకపోతే ఎన్నికలకున్న పదును పోయినట్టే.

అలాగని రెండు వర్గాలకూ స్నేహం కుదిర్చితే సరిపోతుందా? చాలదు. 2024లో వెలువడిన ఒక భారీ అధ్యయనంలో 32 వేల మందికి పైగా అమెరికన్ల మీద 25 రకాల ఉపాయాలు పరీక్షించారు. దాదాపు అన్నీ ద్వేషాన్ని కొంత తగ్గించాయి. ప్రజాస్వామ్య వ్యతిరేక చర్యలకు మద్దతు తగ్గించినవి మాత్రం కొన్నే. ద్వేషం తగ్గితే మిగతాది దానంతటదే సర్దుకుంటుందనే ఆశ నాకూ నచ్చుతుంది, కానీ లెక్కలు దాన్ని బలపరచడం లేదు.

పనిచేసిన ఉపాయాల్లో ఒకదాని మీద నాకు ఎక్కువ నమ్మకం. 'ఛాన్స్ దొరికితే వాళ్ళు రూల్స్ తుంగలో తొక్కుతారు, మనమే ముందు తొక్కాలి' అనే అనుమానం రెండు వైపులా ఉంది. అవతలి ఓటర్లు మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువగా ప్రజాస్వామ్య నియమాలకు కట్టుబడి ఉన్నారని సర్వే లెక్కలతో చూపించినప్పుడు, చూసినవాళ్ళు తామూ ఆ నియమాలను నిలబెట్టడానికి మరింత సిద్ధపడ్డారు. అందుకు ప్రత్యర్థిని ప్రేమించాల్సిన పని కూడా లేకపోయింది.