సగం గాలి, తడి ఇసుక

బ్రిస్బేన్‌లో ఉంటున్న మా మేనల్లుడు ఆమధ్య ఫోన్ చేశాడు. పిల్లల సెలవులకి నాలుగు రోజులు ఇసుక దీవికి వెళ్తున్నారట. టెంటు కొన్నాడు, పర్మిట్ తీసుకున్నాడు, బండిని దీవికి దాటించే బార్జికి టికెట్ కూడా అయిపోయింది. ఒక్క అనుమానం మాత్రం తీరలేదు. "మావయ్యా, ఇసుక ఎక్కేముందు నాలుగు టైర్లలోనూ సగం గాలి తీసెయ్యమంటున్నారు. గాలి తక్కువైతే బండి ఇంకా కూరుకుపోదా?"

రిటైరయ్యాక నన్ను ఫిజిక్సు అడిగేవాళ్లే కరువయ్యారు. ఇక వదుల్తానా!

ముందు దీవి సంగతి రెండు ముక్కల్లో. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఉంది. నిన్నమొన్నటిదాకా ఫ్రేజర్ ఐలండ్ అనేవారు. 2023లో అక్కడి మూలవాసులైన బుచుల్లా ప్రజలు పిలుచుకునే పేరునే అధికారికంగా తిరిగి పెట్టారు. రాసేటప్పుడు ముందొక 'కె' ఉంటుంది కానీ పలకరు. పలికితే మన 'గారి'! ఏ మర్యాదా చేర్చకుండానే మర్యాదగా వినిపించే పేరు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి, పొడవు 120 కిలోమీటర్ల పైమాటే. దక్షిణాన న్యూ సౌత్ వేల్స్ నదులు సముద్రంలో పోసిన ఇసుకని ఆగ్నేయపు అలలు లక్షల ఏళ్లుగా ఉత్తరానికి నెట్టుకొచ్చి ఇక్కడ కుప్ప పోశాయి. ఆ ఇసుక మీద ఏకంగా వర్షారణ్యమే పెరిగింది. తూర్పున 'సెవెంటీఫైవ్ మైల్ బీచ్' ఉంది. చట్టం దృష్టిలో అది రోడ్డే, వేగ పరిమితి 80 కిలోమీటర్లు. చిన్న విమానాలు కూడా దాని మీదే దిగుతాయి. తారు రోడ్లు లేవు కాబట్టి ఫోర్ వీల్ డ్రైవ్ తప్పదు. మిగతా విశేషాలు ఏ టూరిజం కరపత్రంలోనైనా దొరుకుతాయి. నాకు కావలసింది టైరు.

ఇరవై ఏళ్ల క్రితం సూర్యలంకలో మా అద్దె కారు పొడి ఇసుకలో దిగబడింది. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రాలు గిర్రున తిరిగి ఇంకా లోతుకి దిగాయి. నలుగురం దిగి తోశాం, అంగుళం కదల్లేదు. వలలు సర్దుకుంటున్న ఒకాయన వచ్చి, మాట్లాడకుండా గొంతుక్కూర్చుని, వాల్వు మూత తీసి అగ్గిపుల్లతో నొక్కాడు. బుస్సుమని గాలి పోతుంటే మా డ్రైవరు లబోదిబోమన్నాడు. ఆయన నాలుగు చక్రాలకీ అదే వైద్యం చేసి, వాటి ముందున్న ఇసుకని చేత్తో తోసి, "ఇప్పుడు పోనియ్, ఎక్కువ తొక్కమాక" అన్నాడు. బండి బయటికొచ్చింది. నేను అప్పటికే పాతికేళ్లుగా పీడనం పాఠం చెబుతున్నవాణ్ణి.

లెక్క చూద్దాం. మా వాడి బండి సామానుతో కలిపి 2,800 కిలోలనుకోండి, చక్రానికి 700. టైరులో 36 పాయింట్ల గాలంటే చదరపు సెంటీమీటరుకి సుమారు రెండున్నర కిలోల ఒత్తిడి. బండి బరువుని మోసేది ముఖ్యంగా లోపలి గాలే. కనుక 700 కిలోలు మొయ్యాలంటే దాదాపు 280 చదరపు సెంటీమీటర్ల టైరు నేలని తాకాలి. గాలి 18కి దించితే? బరువు మారలేదు, ఒత్తిడి సగమైంది. కాబట్టి తాకే చోటు రెట్టింపు కావాలి. టైరు తనంతట తానే చప్పబడి ఆ చోటు సంపాదించుకుంటుంది.

నా మాట మీద నమ్మకం కుదరక మా వాడు ఇంటి ముందు ప్రయోగం చేశాడు. భార్య సంక్రాంతికి తెప్పించుకున్న ముగ్గుపిండిని టైరు చుట్టూ చల్లి, బండి వెనక్కి తీసి, పిండి అంటని చోటుని కొలిచాడు. 36 దగ్గర పొడవు 18 సెంటీమీటర్లు. 18 దగ్గర 28. వెడల్పులో తేడా వేలెడు కూడా లేదు. "రెట్టింపన్నావుగా మావయ్యా?" అన్నాడు. టైరంటే బెలూన్ కాదు నాయనా. దాని పక్కగోడల్లో మందపాటి రబ్బరు, గట్టి దారాలు, అడుగు పట్టీలో ఉక్కు తీగలు ఉన్నాయి, గాలి తీసేకొద్దీ బరువులో కొంత అవి పంచుకుంటాయి. అందుకే లెక్క చెప్పినంత సాగలేదు. అయినా గమనించాల్సింది ఇంకొకటుంది: టైరు అడుగు, అంటే నేలని తాకే చోటు, పెరిగింది పొడవులో, వెడల్పులో కాదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

ఎలాగంటారా? ఒంటికాలి మీద నిలబడ్డ మనిషి ఇసుక మీద మోపే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి అరకిలో లోపే. గాలి తీసిన టైరుది అంతకు రెండు మూడు రెట్లు. మరి మనిషి కాలే మడమదాకా దిగే ఇసుకలో బండెలా పోతోంది? ఇసుక బలం లోతుని బట్టి పెరుగుతుంది. పైపొర రేణువులని పట్టి ఉంచేదేమీ లేదు, వేలితో తోస్తే పక్కకి పోతాయి. రెండంగుళాల కిందివాటి నెత్తిన పై ఇసుక బరువుంటుంది, పక్కకి జరగాలంటే దాన్ని ఎత్తుకుపోవాలి. కాబట్టి ఏ చక్రమైనా తన ఒత్తిడిని ఓర్చుకునే పొర తగిలేదాకా దిగి ఆగుతుంది. అంటే ఇసుకలో చక్రం ఎప్పుడూ ఒక గుంటలోనే ఉంటుంది. ముందుకి కదలాలంటే ఎదుట ఉన్న గట్టు ఎక్కాలి. ఎక్కిన మరుక్షణం ఆ గట్టూ కుంగుతుంది, ఇంకో గట్టు ఎదురవుతుంది. సమతలం మీద పోతున్నామని డ్రైవరు అనుకుంటాడు. పాపం ఇంజను మాత్రం రోజంతా కొండెక్కుతూనే ఉంటుంది.

ఇప్పుడు పొడవు సంగతి. వెడల్పు టైరు వేస్తే ఒత్తిడి తగ్గుతుంది, నిజమే. కానీ ఎదురు గట్టు కూడా వెడల్పవుతుంది, తోయాల్సిన ఇసుక పెరుగుతుంది. పొడవైన అడుగైతే ముందు భాగం ఇసుకని అణచి దారి చేస్తుంది, వెనక భాగం ఆ అణిగిన దారి మీదే కూర్చుంటుంది. తోయాల్సిన గోడ అంతే, మోసే చోటు మాత్రం పెరిగింది. వెనక చక్రాలకైతే ఇంకా సుఖం, ముందు చక్రాలు వేసిన గాడిలోనే నడుస్తాయి. యుద్ధ ట్యాంకు గొలుసు పట్టీ చేసేదీ ఇదే, చక్రానికి మైలు పొడవు అడుగు తొడిగినట్టు.

మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని 'ఒంటె ఇసుకలో ఎందుకు సులభంగా నడుస్తుంది?' అనే రెండు మార్కుల ప్రశ్నగా కుదించారు. 'పాదాలు వెడల్పు కాబట్టి పీడనం తక్కువ' అని రాస్తే రెండూ పడతాయి. నేనూ వేశాను. ఒంటె పాదం అడుగున ఉన్నది మెత్తటి కొవ్వు దిండు, బరువు పడ్డప్పుడు పరుచుకుంటుంది, ఎత్తినప్పుడు ముడుచుకుంటుంది అని ఒక్కడైనా రాస్తే మూడో మార్కు ఎక్కడినుంచి తెచ్చేవాణ్ణో!

గుంట బొమ్మ మనసులో ఉంటే డ్రైవింగ్ జాగ్రత్తలు బట్టీ పట్టనక్కర్లేదు. బ్రేకు గట్టిగా కొడితే చక్రాల ముందు ఇసుక కుప్పపడుతుంది, మళ్లీ బయల్దేరేటప్పుడు అది అదనపు గట్టు. అందుకే కాలు తీసేసి బండిని దానంతటదే ఆగనివ్వాలి. స్టీరింగ్ ఒక్కసారి తిప్పితే ముందు చక్రం నాగలై పక్క ఇసుకని దున్నుతుంది. చక్రం గిర్రున తిరిగితే తన కిందున్న ఇసుకని వెనక్కి చిమ్మి బావి తవ్వుకుంటుంది, మా సూర్యలంక డ్రైవరు చేసింది అదే. అలాగని గాలి మరీ తీసేయకూడదు. 12, 13కి దిగాక ఠక్కున మలుపు తిప్పితే టైరు అంచు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదముంది.

ఇక తడి. పొడి ఇసుకలో గుడి కట్టలేం, నీళ్లలో మునిగిన ఇసుకతోనూ కట్టలేం. చెమ్మగా ఉన్నదే నిలుస్తుంది. రెండు రేణువులు తాకే చోట చిన్న నీటిచుక్క వంతెనలా చేరి, తలతన్యతతో ఆ రెంటినీ దగ్గరికి లాగుతుంది. ముంచేస్తే ఆ చుక్కలకి అంచులే ఉండవు, లాగుడూ ఉండదు. పొడిగా ఉంటే అసలు బలమే లేని పైపొరకి ఈ చెమ్మే జిగురు. దీవి లోపలి దారులు ఎండల్లో కంటే వాన పడ్డాక గట్టిగా ఉండేది కూడా ఇందుకే. మన మట్టిరోడ్లకి పూర్తిగా తలకిందులు.

ఇంకో చిత్రం. నీరు తీసిన ఒడ్డున అడుగేస్తే పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం తెల్లగా ఆరిపోతుంది, చూశారా? నొక్కితే నీళ్లు ఊరాలి గానీ ఆరడమేంటి? 1885లో ఆస్బర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త దీనికి కారణం చెప్పాడు. దగ్గరగా సర్దుకున్న రేణువులు జరగాలంటే ఒకదాని మీదికొకటి ఎక్కాలి. ఎక్కితే మధ్య ఖాళీలు పెరుగుతాయి, పై నీరు ఆ ఖాళీల్లోకి జారిపోతుంది. ఆ కాసేపూ ఇసుక లోపలికి పీల్చుకుంటూ రాయిలా బిగుస్తుంది. అలలు చాలాసేపు తొక్కి సర్దిన బీచి మీద బండి హాయిగా పోవడంలో దీని వాటా కూడా ఉంది. వాగు అప్పుడే తెచ్చిపోసిన వదులు ఇసుకలో కథ అడ్డం తిరుగుతుంది. అక్కడ నొక్కితే ఖాళీలు తగ్గుతాయి, నీరు రేణువులని ఎడం చేస్తుంది, బండి దిగుతుంది. ఈలై క్రీక్ లాంటి వాగులు బీచిని కోసుకుంటూ సముద్రంలో కలిసేచోట మోకాలెత్తు గట్లు కూడా తయారవుతాయి. 80లో పోతున్నవాడికి అవి దగ్గరికొచ్చేదాకా కనబడవు.

అంటే కావలసింది నీరు తీసినా ఇంకా ఆరని పట్టీ. అది దొరికేది పాటు వేళ, అంటే సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు, దానికి రెండు గంటలు ముందూ వెనకా. ఒడ్డు వాలు నలభైకి ఒకటి అనుకుంటే నీరు మీటరున్నర దిగితే అరవై మీటర్ల వెడల్పు రోడ్డు బయటపడుతుంది. పోటు వేళ అదే రోడ్డు సముద్రం కింద ఉంటుంది, పక్కన మిగిలేది మెత్తటి పొడి ఇసుక, ఉప్పునీళ్లు. పాటు రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. మొదటి రోజు పదింటికైతే నాలుగోరోజు పన్నెండున్నరకి. బార్జి, మకాం, భోజనం అన్నీ దాని చుట్టూ అల్లుకోవాలి.

మా అక్క ఇక్కడినుంచే పంచాంగం తిప్పింది. "అష్టమి, నవమి ప్రయాణం వద్దురా." మా వాడి టికెట్లు పడ్డది సరిగ్గా ఆ రోజులకే, నేను మార్చొద్దన్నాను. అమావాస్యకి, పౌర్ణమికి సూర్యచంద్రులు ఒకే గీత మీద లాగుతారు. పోటు ఇసుక దిబ్బల మొదటిదాకా ఎక్కుతుంది, పాటు బాగా లోపలికి పోతుంది. అష్టమికి ఇద్దరూ అడ్డదిడ్డంగా లాగుతారు, హెచ్చుతగ్గులు తక్కువ. పైగా సముద్రం ఒకటి రెండు రోజులు ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి నవమి, దశమి ఇంకా మేలు. రోడ్డు కాస్త ఇరుకే, కానీ టైము తప్పినా మరీ దిబ్బకి నొక్కుకుపోం. అక్క మాట్లాడ్డం మానేసింది. బండి కింద నిమ్మకాయలు మాత్రం తొక్కించమంది. అందుకు నేను అడ్డు చెప్పలేదు, ఇసుక ఒత్తిడికీ నిమ్మకాయకీ పేచీ లేదు.

వెళ్లొచ్చారు. ఒక్కసారి కూడా దిగబడలేదట. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి కొట్టాలి. లేకపోతే పక్కగోడ చుట్టుచుట్టుకీ మడిచి తెరుచుకుంటూ కాగిపోతుంది, వేగంలో పేలనూవచ్చు. చిన్న పంపుతో 18 నుంచి 36కి కొడుతుంటే మా మనవరాలు పైపు కొస పట్టుకుని "అబ్బా" అని వదిలేసిందట. పంపు గాలిని అంత ఒత్తిడికి గబగబా నొక్కితే, వేడి బయటికి పోయే వ్యవధి లేకపోతే, లెక్క ప్రకారం 150 డిగ్రీల దాకా కాగాలి. పైపు, టైరు పీల్చుకోబట్టి అంత రాదు. మర్నాడు పొద్దున మా వాడు మళ్లీ ఫోన్ చేశాడు. "నాలుగూ 34 చూపిస్తున్నాయి మావయ్యా, పంక్చరా?" నాలుగూ ఒకేసారి పంక్చరవుతాయిట్రా! బయటి వాతావరణపు ఒత్తిడి 14.7 పాయింట్లు కలుపుకుంటే 50.7 కాస్తా 48.7 అయింది, నూటికి నాలుగు తగ్గింది. పరమ శూన్యం నుంచి కొలిస్తే గాలి వేడి సుమారు 300 డిగ్రీలు, అందులో నూటికి నాలుగంటే గాలి ఓ పన్నెండు డిగ్రీలు చల్లారింది, అంతే. ఇంకో రెండు పాయింట్లు కొట్టుకోమన్నాను.