వింటేజ్ పోర్ట్ ఏ సంవత్సరానిది కొనాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

లండన్‌లో ఇళ్ళ సెల్లార్లకు (వైన్ దాచే గదులకు) వైన్ ఎంచి ఇవ్వడం నా పని. అందులో పోర్ట్ వాటా ఎక్కువ. పోర్ట్ అంటే పోర్చుగల్‌లో ద్రాక్ష స్పిరిట్ కలిపి చేసే తియ్యని, ఘాటైన వైన్. కొత్తగా సెల్లార్ మొదలుపెట్టేవాళ్ళు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "డిక్లేర్ చేసిన సంవత్సరాల లిస్టు ఇవ్వండి, అవి మాత్రమే కొంటాను." ఆ లిస్టు ఇవ్వడానికి నాకు రెండు నిమిషాలు చాలు. కానీ ఆ లిస్టు ఒక్కటే పట్టుకుని కొన్నవాళ్ళు ఎంత డబ్బు పోగొట్టుకుంటున్నారో చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను. ముందు నాలుగు మాటలకు అర్థం చెప్పేస్తాను. వింటేజ్ అంటే ఒకే మంచి ఏడాది పంటతో చేసి, సీసాలో ఏళ్ళ తరబడి ఎదిగే పోర్ట్. ఒక ఏడాది పంటతో వింటేజ్ తీస్తున్నామని కంపెనీ ప్రకటించడమే డిక్లేర్ చేయడం. ఎల్‌బీవీ (లేట్ బాటిల్డ్ వింటేజ్) అంటే ఒకే ఏడాది పంటను పీపాలో ఎక్కువకాలం ఉంచి సీసాలో నింపేది. టానీ అంటే చెక్క పీపాలోనే ఎదిగేది.

అపోహ: డిక్లేర్ చేస్తే మంచి సంవత్సరం, చేయకపోతే చెడ్డ సంవత్సరం.

పోర్ట్ ద్రాక్ష పండే డోరో లోయ మొత్తానికి "ఇది వింటేజ్ సంవత్సరం" అని ప్రకటించే కమిటీ ఏదీ లేదు. డిక్లేర్ చేసేది ఏ కంపెనీకి ఆ కంపెనీయే. పంట వచ్చాక రెండో ఏడాది వసంతంలో వాళ్ళు తమ వైన్లు రుచి చూసుకుని, సరిపోతుందనుకుంటే నమూనాలను పోర్ట్‌ను నియంత్రించే సంస్థ ఐవీడీపీకి పంపుతారు. అక్కడి రుచి పరీక్ష బృందం ఒప్పుకుంటేనే సీసా మీద వింటేజ్ అని వేసుకోవచ్చు. పెద్ద కంపెనీలు సగటున పదేళ్ళకు మూడుసార్లు డిక్లేర్ చేస్తాయి. ఆ నిర్ణయంలో నాణ్యత ముఖ్యమే. దానితో పాటు గోదాముల్లో ఎంత సరుకు ఉంది, అంతకుముందు ఏడాది డిక్లేర్ చేశారా, కొనేవాళ్ళ చేతిలో డబ్బుందా అన్నవి కూడా చూస్తారు.

1931 సంగతి చూడండి. పంట అద్భుతంగా పండింది. కానీ ప్రపంచమంతా మాంద్యంలో ఉంది, 1927 సరుకు ఇంకా అమ్ముడు కాలేదు. పెద్ద కంపెనీల్లో చాలావరకు డిక్లేర్ చేయకుండా ఊరుకున్నాయి. కింటా దో నోవాల్ అనే కంపెనీ మాత్రం డిక్లేర్ చేసింది. ఆ ఏడాది ఆ కంపెనీ తీసిన నాసియోనాల్ అనే వైన్ ఇప్పటికీ ఇరవయ్యో శతాబ్దపు గొప్ప పోర్ట్‌లలో ఒకటి. లిస్టు మాత్రమే చూసేవాడికి 1931 కనిపించనే కనిపించదు.

ఇంకాస్త దగ్గరికి రండి. 1991, 1992 రెండూ మంచి సంవత్సరాలే. గ్రాహమ్, డౌ, వార్ కంపెనీలు 1991ని ఎంచుకున్నాయి. టేలర్, ఫొన్సెకా 1992ని ఎంచుకున్నాయి. 1692లో మొదలైన టేలర్‌కు 1992తో మూడు వందల ఏళ్ళు నిండాయి కూడా. మరి 1991 "చెడ్డ" సంవత్సరమా, 1992 "చెడ్డ" సంవత్సరమా? ఎవరి సీసా కొంటున్నారన్నది తేల్చుకోకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు.

దీనికి తిరగేసిన ఉదాహరణలూ ఉన్నాయి. 1974 విప్లవం తర్వాత పోర్చుగల్ గందరగోళంలో ఉన్నప్పుడు వచ్చిన 1975ని చాలామంది డిక్లేర్ చేశారు. పలచని వైన్లు, త్వరగా ముసలివైపోయాయి. ఆ 1975ని డిక్లేర్ చేసిన కోబర్న్, అందరూ మెచ్చుకున్న 1977ని మాత్రం వదిలేసింది. 1985ని దాదాపు అందరూ డిక్లేర్ చేశారు. కానీ దాని నాణ్యత కంపెనీ కంపెనీకీ మారిపోతుంది. కొన్ని అద్భుతం, కొన్ని తెరిస్తే నిరాశే. "1985 అంటే మంచిదే కదా" అని వేలంలో ఏ పేరు కనబడితే అది కొన్న ఒకాయన డజను సీసాలు నా ముందు తెరిచారు. మూడో గ్లాసుకే ఆయన మాట్లాడడం మానేశారు. ఆయనను తప్పుపట్టలేను. ఆ లిస్టు చేతిలో పెట్టినవాళ్ళు కంపెనీల మధ్య తేడా ఉంటుందని ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఇక డిక్లేర్ చేయని సంవత్సరాల్లో ఏం జరుగుతుంది? పెద్ద కంపెనీలు తమ ముఖ్యమైన తోట నుంచి సింగిల్ కింటా వింటేజ్ (ఒకే కింటా, అంటే ఒకే తోట పంటతో చేసింది) తీస్తాయి. టేలర్ వింటేజ్‌కి వెన్నెముక కింటా ద వర్జెలాస్ తోట. గ్రాహమ్‌కి మల్వేడోస్. డౌకి బోంఫిం. డిక్లేర్ చేయని ఏడాది ఆ తోటల వైన్ వేర్వేరు తోటలవి కలిపే పెద్ద బ్లెండ్‌లోకి పోకుండా సొంత పేరుతో వస్తుంది. 1987, 1996, 2001 సంవత్సరాల వర్జెలాస్ ఇలా వచ్చినవే. అదే నేల, అవే తీగలు, అదే మనుషుల చేతి పని. డిక్లేర్ చేసిన సీసా కంటే ధర బాగా తక్కువ, ముందుగా తాగడానికి సిద్ధమవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ సెల్లార్లో సగం ఇవే ఉండాలని నా గట్టి అభిప్రాయం. "డిక్లేర్ చేయలేదుగా, వద్దు" అని ఎవరైనా అన్నప్పుడు నిజంగా బాధ కలుగుతుంది. తక్కువ డబ్బుతో దొరికే మంచి వైన్‌ను చేతులారా వదులుకుంటున్నారు.

అలాగని నిజంగా చెడ్డ సంవత్సరాలు లేవని కాదు. 1993 వానలకు తుడిచిపెట్టుకుపోయింది. 2002లో కోతల సమయానికి వాన పట్టుకుంది. ఆ రెండింటి జోలికి నేను పోను.

అపోహ: కొత్తగా డిక్లేర్ చేసిన గొప్ప సంవత్సరం కొని పెట్టుకోవడమే తెలివైన పని.

2016, 2017 వరసగా రెండేళ్ళూ చాలా కంపెనీలు డిక్లేర్ చేశాయి. అలా వరసగా రావడం చాలా అరుదు. అప్పటి నుంచి ఫోన్లు ఆగలేదు. నేను మొదట అడిగేది ఒకటే: ఎప్పుడు తాగుతారు?

వింటేజ్ పోర్ట్ పంట వచ్చిన రెండు మూడేళ్ళలో సీసాలోకి వెళ్తుంది. తర్వాత ఎదిగేదంతా సీసాలోనే. మొదటి ఒకటి రెండేళ్ళు పండ్ల రుచితో కళకళలాడుతుంది. తర్వాత చాలాకాలం ముడుచుకుని ఉంటుంది. చాలావాటికి ఇరవై ఏళ్ళు దాటాకే అసలు సొగసు వస్తుంది. పెద్ద పేర్లు నలభై, యాభై ఏళ్ళు నిలబడతాయి. అరవై దాటిన ఒకావిడ 2017వి నాలుగు కేసులు కావాలన్నారు. "ఇవి ఎవరి కోసమండీ?" అని అడిగాను. "నా కోసమే, రిటైరయ్యానుగా, ఇక తాగొచ్చు" అన్నారు. ఆవిడకు 2017 వద్దని చెప్పి, 1980 డౌ, 1983 గ్రాహమ్ ఇప్పించాను. ఇలాంటి పాత సీసాల ధర చాలాసార్లు కొత్త విడుదల ధరకు దగ్గర్లోనే ఉంటుంది. అంటే ముప్పై నలభై ఏళ్ళు ఎవరో భద్రపరిచిన ఖర్చు మీ మీద పడకుండానే మీ చేతికి వస్తుంది. కొత్తది కొంటే ఆ ఖర్చంతా మీదే: గోదాము అద్దె, ఇన్సూరెన్స్, ఇన్నేళ్ళ ఎదురుచూపు. ధర పెరుగుతుందిలే అన్న ధైర్యంతో పోర్ట్ కొనకండి. అది నెమ్మదిగా కదిలే సరుకు. కొత్తది కొని తీరాలి అనుకుంటే ఇక్కడ బాండెడ్ గోదాములో పెట్టండి. బయటికి తీసేదాకా డ్యూటీ, వ్యాట్ కట్టక్కర్లేదు.

నా ఎంపిక ఇలా ఉంటుంది. ఇప్పుడే తాగాలంటే 1980, 1983, జాగ్రత్తగా ఎంచిన 1985. చేతిలో డబ్బుంటే 1963, 1966, 1970. ఈ మూడింటిలో 1970 మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. అది 1963 పేరు నీడలో ఉండిపోయింది గానీ గ్లాసులో దేనికీ తీసిపోదు. ఇప్పటి నుంచి వచ్చే పదిహేనేళ్ళలో తాగేవాళ్ళకు 1994, 1997, 2000, 2003. వీటిలో 2003 ఎండలు మండిన ఏడాది, కండ పట్టిన వైన్లు, ముందుగా తెరవొచ్చు. వయసూ ఓపికా రెండూ ఉన్నవాళ్ళకు 2007, 2011, 2016, 2017.

స్కోర్ల గురించి ఒక మాట. డౌ 2011కి అమెరికా పత్రిక వైన్ స్పెక్టేటర్ 99 పాయింట్లు ఇచ్చి, 2014లో ఆ ఏటి మేటి వైన్‌గా ఎంచింది. ఇక అందరూ దాని వెంటే. గొప్ప వైనే, కాదనను. కానీ అదే ఏడాది, అదే కుటుంబం చేసిన వార్, గ్రాహమ్ పక్కనే ఉన్నాయి. ఒక్క పాయింటు, రెండు పాయింట్ల తేడా కోసం అంత డబ్బు పోయకండి.

అపోహ: పిల్లలు పుట్టిన సంవత్సరానిదే కొనాలి, దొరక్కపోతే అపశకునం.

ఈ టెన్షన్ నాకు అర్థమవుతుంది. బ్రిటన్‌లో బిడ్డ పుట్టగానే పోర్ట్ కొని దాచి, పెద్దయ్యాక తెరిచే అలవాటు పాతదే. ఒక తెలుగు తండ్రి ఫోన్ చేసి, "పాప 2002లో పుట్టిందండీ, ఎక్కడ వెతికినా మంచి వింటేజ్ దొరకట్లేదు, మేమేదో తప్పు చేసినట్టు ఉంది" అన్నారు. ఆ గొంతు విని నాకు మనసు చివుక్కుమంది. వాన పడితే తల్లిదండ్రులేం చేస్తారు? ఆయనకు రెండు దారులు చెప్పాను. ఒకటి, పాప కడుపులో పడ్డ ఏడాది 2001 సింగిల్ కింటా గానీ, మొదటి పుట్టినరోజు జరిపిన 2003 గానీ కొనడం. రెండోది కొల్యేటా. కొల్యేటా అంటే ఒకే ఏడాది పంటతో చేసిన టానీ, కనీసం ఏడేళ్ళు చెక్క పీపాలో ఉంటుంది. వింటేజ్ రాని ఏళ్ళలో కూడా కొన్ని కంపెనీలు కొల్యేటా తీస్తాయి. ఆయన 2003 తీసుకున్నారు. పాప పెళ్ళికి తెరుస్తామన్నారు.

కొల్యేటా విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. లేబుల్ మీద పంట సంవత్సరంతో పాటు సీసాలో నింపిన సంవత్సరం కూడా ఉంటుంది. అది పీపాలోనే ఎదిగింది, సీసాలో ఇక ఎదగదు. అందుకని కొని దాచకండి, కావలసినప్పుడు కొనండి.

ఇదే కారణంగా "సీసా మీద సంవత్సరం ఉంటే చాలు, దాచొచ్చు" అన్నది కూడా అపోహే. ఎల్‌బీవీ మీదా సంవత్సరం ఉంటుంది. అది నాలుగు నుంచి ఆరేళ్ళు పీపాలో ఉండి సీసాలోకి వస్తుంది, చాలావరకు వడకట్టి నింపుతారు, కొన్న వెంటనే తాగడానికే. వడకట్టనిది అని స్పష్టంగా రాసి ఉన్నవి మాత్రం కొన్నేళ్ళు నిలవ ఉంటాయి. ఇరవై ఏళ్ళ టానీ అంటే ఇరవై ఏళ్ళ రుచి వచ్చేలా కలిపిన వైన్. దాన్ని ఇంకో ఇరవై ఏళ్ళు దాస్తే నలభై ఏళ్ళ టానీ అవదు. ఎవరి సెల్లార్‌కైనా మొదటిసారి వెళ్ళినప్పుడు నేను చేసే మొదటి పని ఈ టానీలూ మామూలు ఎల్‌బీవీలూ బయటికి తీసి వంటింట్లోకి పంపడం.

మిగతా అపోహలు చకచకా చెప్పేస్తాను.

"ఇరవై శాతం ఆల్కహాల్ ఉంది కదా, తెరిచినా పాడవదు." పాత వింటేజ్ ఒకటి రెండు రోజుల్లో, కొత్త వింటేజ్ నాలుగైదు రోజుల్లో తాగేయాలి. వారాల తరబడి నిలవ ఉండేది టానీయే.

"సీసా అడుగున మడ్డి ఉంటే పాడైపోయినట్టు." కాదు. వడకట్టకుండా నింపిన వింటేజ్ పోర్ట్‌కి మడ్డి రావడం సహజం. తెరవడానికి ఒక రోజు ముందు నిలబెట్టి, మడ్డి రాకుండా నెమ్మదిగా డికాంటర్‌లోకి (గాజు కూజాలోకి) వంచుకోండి.

"విస్కీలాగా నిలబెట్టి పెట్టొచ్చు." వద్దు. కార్క్ తడిగా ఉండాలి, పడుకోబెట్టండి. పాత సీసాల మీద తెల్ల సున్నం గుర్తు కనిపిస్తే అది ఎప్పుడూ పైకే ఉండాలి, లేకపోతే పేరుకున్న మడ్డి కదిలిపోతుంది. వెలుతురు తగలకూడదు. 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం ఉంటే బాగుంటుంది. అంతకంటే ముఖ్యం, అది మాటిమాటికీ మారకుండా ఉండడం.

వేలంలో పాత సీసా కొనేటప్పుడు సంవత్సరం చూసే ముందు మెడ దగ్గర వైన్ ఎంతవరకు ఉందో చూడండి. మెడలో ఉంటే సరే. భుజం కిందికి జారితే కార్క్ సరిగా లేనట్టే, అది 1963 అయినా సరే వదిలేయండి. లక్క ముద్ర దగ్గర కారిన మరక ఉందా, ఇంతకుముందు ఎక్కడ భద్రపరిచారు అన్నది అమ్మేవాళ్ళను అడగండి. జవాబు చెప్పడానికి నసిగితే ఆ లాట్ మీద చెయ్యెత్తకండి.