ఇంజన్ వేడి క్యాబిన్‌కు చేరే దారి

అమెరికాలో కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న ఉత్తర మిన్నెసోటాలో జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌కు దిగడం మామూలే. అక్కడి రైతులు, అడవి పనులు చేసుకునేవారు పశువులకు మేత మోయడానికీ, కట్టెలు తెచ్చుకోవడానికీ, వాకిళ్లలో మంచు తోయడానికీ వాడే చిన్న నాలుగు చక్రాల బండ్లను యూటీవీలు అంటారు. ఈ తరహా బండ్ల తయారీలో పేరున్న పోలారిస్ సంస్థ 1954లో మొదలైనది కూడా ఆ ప్రాంతంలోని రోజో అనే చిన్న ఊళ్లోనే. వీటిలో చాలా బండ్లు తలుపులూ అద్దాలూ లేకుండానే అమ్మకానికి వస్తాయి. కొన్నవారు చలికాలానికి ముందు వాటిని బిగించుకుని, ఆపైన క్యాబిన్‌లో హీటర్ పెట్టుకోవాలనుకుంటారు. హీటర్ అనగానే దృష్టి ఫ్యాను పరిమాణం మీదికీ ధర మీదికీ పోతుంది గాని, క్యాబిన్ వెచ్చబడుతుందా లేదా అన్నది అసలు తేలేది మరోచోట. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంటు, తిరిగే దారిలో హీటర్‌ను ఎక్కడ కలిపామన్నదే ముఖ్యం.

వేడికి కొదవ లేదు. పెట్రోలు ఇంజన్ మండించే ఇంధనంలోని శక్తిలో మహా అయితే మూడో వంతు బండిని నడిపే పనికి దక్కుతుంది. మిగిలినదంతా వేడిగా మారి, కొంత సైలెన్సర్ గుండా, కొంత కూలెంటు ద్వారా రేడియేటర్‌కు చేరి గాలిలో కలిసిపోతుంది. హీటర్ కోర్ అనేది మరో చిన్న రేడియేటరే. అందులో కూలెంటు తిరుగుతుండగా ఫ్యాను గాలిని దాని రెక్కల మధ్య నుంచి తోస్తే, ఆ గాలి వేడెక్కి క్యాబిన్‌లోకి వస్తుంది. నీరు, అది గడ్డకట్టకుండా కలిపే ఇథిలీన్ గ్లైకాల్ సమపాళ్లలో ఉన్న కూలెంటు కిలోకు ఒక డిగ్రీ చల్లబడితే సుమారు 3.5 కిలోజౌళ్ల వేడిని వదులుతుంది. నిమిషానికి ఆరు లీటర్లు, అంటే సెకనుకు సుమారు 100 గ్రాముల కూలెంటు కోర్‌లో 10 డిగ్రీలు చల్లబడితే క్యాబిన్‌కు 3.5 కిలోవాట్ల వేడి అందుతుంది. ఇంత వేడిని 12 వోల్టుల విద్యుత్తుతో పుట్టించాలంటే 290 ఆంపియర్లు కావాలి. ఈ బండ్ల ఛార్జింగ్ వ్యవస్థ ఇవ్వగలిగేది అందులో చిన్న భాగమే. సైలెన్సర్ వైపు వేడిని వాడుకున్న పాత కార్లూ ఉన్నాయి. ఫోర్డ్ మోడల్ ఏ కారుకు అమర్చే ఒక రకం హీటర్, ఇంజన్ పొగ బయటికి వచ్చే గొట్టం (ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్) చుట్టూ తొడిగిన రేకు గుండా గాలిని పంపి వెచ్చబరిచేది. లోహంలో సన్నని పగులు వచ్చినా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నేరుగా మనుషుల దగ్గరికి చేరే పద్ధతి అది. కూలెంటు మార్గమే మేలని నేను గట్టిగా అనేది అందుకే.

యూటీవీల్లో ఇంజన్ సాధారణంగా సీటు కిందో వెనుకో ఉంటుంది. రేడియేటర్ మాత్రం ముందు భాగంలో ఉంటుంది. రెండింటినీ కలిపే గొట్టాలు బండి పొడవునా నేల కింద సాగుతాయి. క్యాబిన్ వాటి మీదుగానే ఉంటుంది కాబట్టి ఆ గొట్టాలను కోసి, టీ జాయింట్లు పెట్టి హీటర్‌కు పాయ తీయడం అన్నిటికంటే సులువుగా కనిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఇంజన్ నుంచి రేడియేటర్‌కు వెళ్లే దారికి థర్మోస్టాట్ అనే వాల్వు కాపలా ఉంటుంది. కూలెంటు సుమారు 80 నుంచి 90 డిగ్రీలకు చేరితే తప్ప అది తెరుచుకోదు. గడ్డకట్టే చలిలో చిన్న ఇంజన్ నెమ్మదిగా పనిచేస్తున్నప్పుడు థర్మోస్టాట్ కొద్దిగా తెరుచుకుని, అవతలి నుంచి చల్లని కూలెంటు రాగానే మళ్లీ మూసుకుంటుంది. దాని తరువాత పాయ తీసిన హీటర్‌కు అడపాదడపా వచ్చే గోరువెచ్చని ప్రవాహమే గతి, అందులోనూ రేడియేటర్ వాటా పంచుకుంటుంది. అందువల్ల వేడి గొట్టాన్ని ఇంజన్ హెడ్ వైపు, థర్మోస్టాట్‌కు ముందే తీసుకోవాలి. తిరుగు గొట్టాన్ని వాటర్ పంపు పీల్చుకునే వైపు కలపాలి. నీటిమట్టంలో తేడా లేకపోతే పిల్లకాలువలోకి నీరు ఎలా పారదో, రెండు కొనల మధ్య పీడనంలో తేడా లేకపోతే హీటర్‌లోకి కూలెంటు కూడా అలాగే పారదు. ఒకే గొట్టం మీద పక్కపక్కనే రెండు టీలు పెట్టి, రెండు హోసులూ బిగించినా కోర్ చల్లగానే ఉండిపోవడానికి కారణం ఇదే.

ఇలా కలిపిన దారి థర్మోస్టాట్ మూసి ఉన్నా తెరిచే ఉంటుంది కాబట్టి వేడివైపు హోసుకు ఒక వాల్వు తప్పనిసరి. చలిలో ఫ్యానును మొదటి నుంచీ పూర్తి వేగంతో తిప్పితే చిన్న ఇంజన్ పని ఉష్ణోగ్రతకు చేరడానికి చాలాసేపు పడుతుంది, ఆలోగా మండని పెట్రోలు ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. వేసవిలో ఇబ్బంది వేరు: వాల్వు తెరిచి ఉండి ఫ్యాను ఆగి ఉంటే, వేడి కూలెంటులో కొంత భాగం రేడియేటర్‌కు పోకుండా, చల్లబడకుండానే ఇంజన్‌కు తిరిగి వస్తుంది. ఫ్యానుకు ఫ్యూజూ రిలే పెట్టడం వంటి వైరింగ్ పని ఏ మెకానిక్‌కైనా తెలిసినదే.

ఎక్కువ ఓపిక కోరేది కూలెంటు దారిలో చిక్కిన గాలిని బయటకు పంపే పని. డ్యాష్‌బోర్డు కింద అమర్చిన హీటర్ కోర్ చాలాసార్లు రేడియేటర్ మూత కంటే ఎత్తులో ఉంటుంది, గాలి బుడగలు ఎప్పుడూ ఎత్తైన చోటికే చేరతాయి. కోర్‌లో గాలి నిలిస్తే ఒక హోసు చేయి పెట్టలేనంత వేడిగా, రెండోది చల్లగా ఉంటుంది. ఆ బుడగ ఉష్ణోగ్రత సెన్సర్ దగ్గర చిక్కుకుంటే మీటరు తప్పు చూపిస్తుంది, ఇంజన్ కాగిపోతున్నా తెలియదు. అందుకని ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బండి ముందు భాగాన్ని ర్యాంపు మీదికి ఎక్కించి, రేడియేటర్ మూత అన్నిటికంటే ఎత్తులో ఉండేలా చేసి, హీటర్ వాల్వు తెరిచి, కూలెంటును మెల్లగా పోయాలి. మూత తీసి ఉంచే ఇంజన్ నడిపితే, హోసులను చేత్తో నొక్కి వదిలినప్పుడల్లా బుడగలు గుబగుబమని పైకి వస్తాయి, మట్టం ఒక్కసారిగా దిగుతుంది. దిగినంతా మళ్లీ నింపాలి. రెండు హోసులూ దాదాపు సమానంగా వేడెక్కితే గాలి పోయినట్టే. ఒకసారి మూత బిగించి నడిపాక, వేడి మీద దాన్ని తెరవకూడదు. పీడనం వల్ల మరగకుండా ఆగి ఉన్న ద్రవం మూత వదులవగానే ఆవిరై చిమ్ముతుంది.

మట్టం నింపడానికి మామూలు నీరు పోయాలనిపిస్తుంది. నాలుగు లీటర్ల సమపాళ్ల కూలెంటుకు కొత్త హోసుల కోసం ఒక లీటరు నీరు కలిపితే గ్లైకాల్ 40 శాతానికి తగ్గి, మైనస్ 37 దగ్గర గడ్డకట్టాల్సిన ద్రవం సుమారు మైనస్ 24 దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అలాగని గ్లైకాల్‌నే నింపడమూ పొరపాటే, ఎందుకంటే శుద్ధ గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. ఈ ద్రవం తియ్యగా ఉంటుంది, విషం కూడా. నేల మీద ఒలికితే కుక్కలు నాకకముందే తుడిచేయాలి.

హీటర్ గాలిలో కొంత ముందు అద్దం మీదికి మళ్లించాలి, క్యాబిన్ గాలినే తిప్పకుండా బయటి గాలిని కొంతైనా లోపలికి రానివ్వాలి. మైనస్ 20 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు సుమారు ఒక గ్రాము తేమనే పట్టి ఉంచగలదు, 20 డిగ్రీల గాలి 17 గ్రాములు పట్టగలదు. బయటి గాలి వేడెక్కాక బాగా పొడిగా మారి అద్దం మీది తేమను పీల్చుకుంటుంది. తలుపులన్నీ మూసి లోపలి గాలినే తిప్పితే, మనుషుల ఊపిరిలోని తేమంతా అద్దం లోపలివైపు మంచుపొరగా పేరుకుంటుంది.