ధూర్జటికి ఆ జీవితం ఎక్కడి నుంచి వచ్చింది?

కృష్ణదేవరాయల కాలపు శివభక్తకవి ధూర్జటి యౌవనమంతా వేశ్యల ఇళ్లలో గడిపాడు, ముసలితనంలో పశ్చాత్తాపపడి శివుణ్ణి పట్టుకున్నాడు. ఉపన్యాసాల్లో తరచూ వినిపించే ఈ కథకు ఆధారాలు వెదికితే ప్రధానంగా రెండు తేలతాయి: ఒక చాటువు (నోటినోటా తిరిగే విడిపద్యం), ఆయన రాసిన శ్రీకాళహస్తీశ్వర శతకంలోని కొన్ని పద్యాలు.

చాటువు తెలిసిందే. "స్తుతమతియైన యాంధ్రకవి ధూర్జటి పల్కులకేల గల్గెనో యతులిత మాధురీమహిమ" అని కృష్ణదేవరాయలు అడిగాడట. "హా! తెలిసెన్" అంటూ తెనాలి రామకృష్ణుడు అందుకుని, వారవనితల అధరసుధ గ్రోలడం వల్లనే అన్నాడట. ఇది చంపకమాల. పాదానికి 21 అక్షరాలు, 11వ అక్షరం యతిస్థానం, అంటే పాదం తొలి అక్షరంతో అది చెల్లాలి. రెండో పాదం "య"తో మొదలైంది. దానికి చెల్లే "హా", జవాబు తొలి అక్షరం, సరిగ్గా యతిస్థానంలో పడింది. ప్రశ్నలోని "త" ప్రాసను జవాబు "ద్ధత", "తత" అని నిలబెట్టింది. అంటే రెండూ కలిసి ఒకే పోత. సభలో ఆశువుగా పుట్టిందో, తర్వాత ఎవరో అల్లి ఇద్దరి నోటా పెట్టారో గాని, ఇది చమత్కారం. దీన్ని సాక్ష్యంగా తీసుకోవడమే తప్పు.

ఇక శతకం. "రోసీ రోయదు కామినీజనుల తారుణ్యోరుసౌఖ్యంబులన్" అన్న పాదాన్ని కవి ఒప్పుకోలుగా చదివారు. ఆ వెంటనే వచ్చే పాదం పుత్రమిత్రుల మీద, సంపద మీద భ్రాంతి వదలలేదంటుంది. దాన్నిబట్టి ధూర్జటి ధనాశాపరుడని ఎవరూ కథ కట్టలేదు! ఆత్మనింద భక్తిశతకాల్లో మామూలే. అక్కడి "నేను" ఏ భక్తుడైనా కావచ్చు. చివరికి చాటువుకు శతకం సాక్షి, శతకానికి చాటువు సాక్షి అయ్యాయి.

పద్యంలో కవి జీవితాన్ని వెదికే ఈ చదువుతీరు మన అలంకారశాస్త్రం నేర్పింది కాదు. వాల్మీకి శోకమే శ్లోకమైందన్న మాటను వ్యాఖ్యానిస్తూ కాశ్మీర ఆలంకారికుడు అభినవగుప్తుడు "న తు మునేః శోకః" అన్నాడు, అది ముని సొంత దుఃఖం అనుకోవద్దని. 19వ శతాబ్ది చివర గురజాడ శ్రీరామమూర్తి, కందుకూరి వీరేశలింగం కవుల చరిత్రలు రాయడానికి పూనుకున్నప్పుడు చిక్కు వచ్చింది. కావ్యావతారికల్లో (కావ్యాల తొలి పీఠికల్లో) వంశం, గోత్రం, కృతిభర్త (కావ్యం అంకితం పొందినవాడు) దొరుకుతాయి గాని మనిషి దొరకడు. ఆ ఖాళీలోకి చాటుకథలు వచ్చి కూర్చున్నాయి. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి "కవిత్వతత్త్వ విచారము" చూపును మళ్లీ కావ్యం మీదికి, కథాకల్పన మీదికి తిప్పింది.

కవి సొంత అనుభూతిని పాడే భావకవిత్వం వచ్చాక పాత అలవాటుకు కొత్త బలం చేరింది. దేవులపల్లి కృష్ణశాస్త్రికి 1922లో భార్యావియోగం, 1925లో "కృష్ణపక్షం". ఏ గీతం ఎప్పటిదో చూడకుండానే ప్రతి కన్నీటికీ ఆ మరణాన్నే కారణం చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గీతం తేదీ, మాట్లాడే గొంతు, ఆ ప్రక్రియ ఆచారం, ఈ మూడూ తేలాకే జీవితం జోలికి వెళ్లాలి.

అలాగని జీవితం అక్కర్లేదని కాదు. జాషువా అనుభవించిన అంటరానితనం తెలియకపోతే "గబ్బిలం"లో కోపం ఎక్కడిదో అందదు. కానీ అందులో గబ్బిలంతో మొరపెట్టుకునేవాడు తంజావూరు వాడు, జాషువాది వినుకొండ. తన బాధను ఆయన ఊరుమార్చి, పేరులేని అరుంధతీసుతుడి (దళితుడి) చేత పలికించాడు. ఆ దూరాన్ని చెరిపేసి చదివితే జాషువా చేసిన పని సగం కనపడదు.