దసరా రంగు, దిగిపోయిన బ్యాటరీ

చిన్నోడా, బుజ్జీ,

మొన్న ఫోన్లో "తాతా, ట్రాక్టర్‌ను ఇంకా చెరువు కట్ట మీది నుంచి దొర్లించే స్టార్ట్ చేస్తున్నావా?" అని ఇద్దరూ ఒకటే నవ్వు. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఏం జరిగిందో ఫోన్లో చెబితే మీకు సగమే ఎక్కుతుందని ఉత్తరం రాస్తున్నా.

దసరా పూజకని బండికి ఎర్ర రంగు కొట్టించాను కదా. పెళ్లికొడుకులా తయారైంది. యాసంగి కరిగెట్లు మొదలయ్యేసరికి పొద్దున సెల్ఫ్ కొడితే టక్‌మని ఊరుకోవడం మొదలుపెట్టింది. రాత్రి కట్ట వాలులో ఆపడం, తెల్లారి జారవిడిచి గేరులో స్టార్ట్ చేయడం, ఇదే పని. ఒక షాపతను బ్యాటరీ పోయిందన్నాడు. నేనూ ఆలోచించకుండా కొత్తది కొన్నా. పన్నెండో రోజుకు అదీ పడుకుంది. అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు.

బ్యాటరీ కరెంటును తయారుచేయదు, దాచుకుంటుంది. పాత బళ్లలో తయారుచేసేది డైనమో. మీ సైన్సు పుస్తకంలో ఫారడే ఉంటాడు చూడండి, 1831లో ఆయన కనిపెట్టిన సంగతే ఇది. అయస్కాంతం మధ్య రాగి చుట్ట తిరిగితే కరెంటు పుడుతుంది, కార్బన్ బ్రష్‌లు దాన్ని బయటికి తెస్తాయి. మధ్యలో రెగ్యులేటర్ డబ్బా ఒకటి ఉంటుంది, దానికి రెండు పనులు. బ్యాటరీ నిండుతుంటే డైనమోకు కళ్లెం వేయడం ఒకటి. ఇంజన్ ఆగినప్పుడు బ్యాటరీలోని కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా ఆపడం రెండోది. బావి మోటరు ఆగితే పైపులోని నీళ్లు తిరిగి బావిలోకి పోకుండా ఫుట్‌వాల్వ్ ఆపుతుంది చూశారూ, అదే పని. రెగ్యులేటర్‌లో ఈ రెండో పని చేసేదాన్ని కటౌట్ అంటారు.

ఇక వెతుకుడు. కరెంటు బ్యాటరీలోకి పోతోందో, బయటికొస్తోందో అమ్మీటర్ చూపిస్తుంది. ఇంజన్ నడుస్తుంటే దాని ముల్లు ప్లస్ వైపు కొంచెమైనా వాలాలి. మనది నడుమ నిటారుగా నిలబడింది. లైట్లు వేస్తే మైనస్ వైపు పోయింది. అంటే ముల్లు బాగానే ఉంది, బ్యాటరీలోంచి తీయడమే గానీ వేసేవాడు లేడు. వోల్టు మీటర్ పెట్టి చూశా. నిండా చార్జి ఉన్న బ్యాటరీ ఇంజన్ ఆపి ఉంటే 12.6 వోల్టులు చూపిస్తుంది, ఇంజన్ సగం రేసులో ఉంటే సుమారు 14కు ఎక్కాలి. మనది 12.1 దగ్గరే కూర్చుంది. బెల్టు నొక్కి చూశా, గట్టిగానే ఉంది.

తర్వాత డైనమోను ఒంటరిగా పరీక్ష చేశా. దానికి డీ, ఎఫ్ అని రెండు బొడిపెలు. వాటి తీగలు రెండూ విప్పేసి, ఆ రెండు బొడిపెలనూ చిన్న తీగతో కలిపి, మీటర్‌ను అక్కడికీ బాడీకీ పెట్టి, మెల్లగా రేసు పెంచాలి. 20 వోల్టులు దాటనివ్వకూడదు, ఎక్కువసేపు ఉంచకూడదు. ఏమీ చూపించకపోతే ముందు బ్రష్‌లు చూడాలి. ఒకటి రెండు వోల్టుల దగ్గరే ఆగితే ఫీల్డు చుట్ట, అంటే డైనమోలో అయస్కాంతాన్ని పుట్టించే చుట్ట మీద అనుమానం, ఎందుకంటే అది ఇనుములో మిగిలిన పాత అయస్కాంతం చూపించే వోల్టేజీ మాత్రమే. మనది చకచకా 16కు ఎక్కింది. డైనమో సత్తెకాలంది, దోషం లేదు.

పైలం, ఈ పరీక్ష డైనమోకే. మీ నాన్న కొత్త ట్రాక్టర్‌కు డైనమో బదులు ఉండేది ఆల్టర్నేటర్. దాని తీగలు ఇలా కలపొద్దు, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ విప్పొద్దు, కరెంటును ఒకవైపే పోనిచ్చే లోపలి డయోడ్లు పోతాయి.

ఇక మిగిలింది రెగ్యులేటర్, దాని తీగలు. ఇక్కడ మీటర్‌ను నమ్మలేదు. తీగ అతుకు తుప్పు పట్టి సరిగా తగలకపోయినా మీటర్ 12 వోల్టులు చూపించొచ్చు, బల్బు మాత్రం సరిగా వెలగదు. అందుకే పాత ఇండికేటర్ బల్బుకు రెండు తీగలు అతికించి టెస్టు ల్యాంపు చేసుకున్నా. ఇంజన్ ఆపి, ఒక కొస బ్యాటరీ ప్లస్‌కు పెట్టి, రెండో కొస రెగ్యులేటర్ మీద 'ఈ' అని రాసిన బొడిపెకు ఆనించా. అది ఎర్తు, అంటే బండి బాడీతో కలిసి ఉండాల్సింది, కాబట్టి బల్బు వెలగాలి. వెలగలేదు. అదే కొసను పక్కన రంగు లేని బోల్టుకు ఆనిస్తే భగ్గుమంది.

ఎర్తు తీగ పట్టుకుని దాని వెంట పోయా. కొసన ఉన్న రింగు బోల్టు కింద ఉంది, బిగువుగానే ఉంది. విప్పి చూస్తే రింగు కింద ఎర్రగా నున్నగా మన దసరా రంగు! పెయింటర్ బోల్టు విప్పి, రంగు కొట్టి, దాని మీదే రింగు పెట్టి బిగించాడు. ఎర్తు లేక కటౌట్ కలవలేదు, కరెంటు బ్యాటరీ దాకా రాలేదు. కళ్లెం కూడా ఎర్తు మీదే పనిచేస్తుంది కాబట్టి, ఇంకొన్నాళ్లు అలాగే తిప్పితే డైనమో చుట్టలు మాడేవి.

ముందు బ్యాటరీ ఎర్తు తీగ తీసేశా. పాన తగిలి నిప్పురవ్వ లేవకుండా అదే ముందు తీయాలి, చివర పెట్టాలి. మనకు మైనసే బాడీకి ఉంటుంది. ఇంగ్లండ్‌లో తయారైన పాత మాసీ 35 బళ్లలో ప్లస్సే బాడీకి ఉండేది, కాబట్టి ఏ పాత బండినైనా చూశాకే ముట్టాలి. ఎమరీ పేపరుతో ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, రింగూ గీకి, బిగించి, పైన కొంచెం గ్రీజు పూశా. స్టార్ట్ చేసి రేసు పెంచగానే ముల్లు ఉలిక్కిపడి ప్లస్ వైపు పోయింది. మీ నాయనమ్మను వాకిట్లోకి పిలిచి మరీ చూపించా. "దీనికేనా కొత్త బ్యాటరీ కొన్నది?" అంది. పాత బ్యాటరీ కూడా చార్జి పెడితే లేచింది, ఇప్పుడు బావి కాడ లైటుకు వాడుతున్నా.

ఎడమ హెడ్‌లైట్ ఇంకా గుడ్డిగానే వెలుగుతోంది. అక్కడా రంగే అడ్డమో, మరేదైనానో. నేను ముట్టుకోలేదు. సంక్రాంతికి మీరొచ్చేదాకా అలాగే ఉంచుతా. టెస్టు ల్యాంపు గూట్లో పెట్టా, బల్బు పైలం.

మీ తాత