చెత్తగుట్ట మీద జరిమానా: వేసేదెవరు, కట్టేదెవరు?

ట్రాక్టర్ ట్రాలీ నింపుకుని ఊరి బయట గుట్ట వెనకో, ఎండిన కుంట శిఖంలోనో దించి రావడం. నల్లగొండ, పాలమూరు వైపు చాలా పంచాయతీలకు చెత్త నిర్వహణ అంటే ఇంతే. 2018 ఆగస్టులో చిట్యాల, హాలియా, చండూరు, అటు భూత్పూర్, పెబ్బేరు, అమరచింత వంటి ఊళ్లు ఒక్కసారిగా మున్సిపాలిటీలయ్యాయి. ఆఫీసు బోర్డు మారింది, ఇంటి పన్ను మారింది. వాటితో పాటు, అప్పటికి 22 ఏళ్ల కిందట మొదలైన ఓ చెత్త కేసు తాలూకు బరువు కూడా నెత్తిన పడింది.

అసలు సంగతి ఇంకా పాతది. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో మురుగు కంపు భరించలేక జనం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తే, మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 'మా దగ్గర డబ్బుల్లేవు' అంది. ఆ సాకు చెల్లదని 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ తేల్చేశారు. అయినా చిన్న మున్సిపాలిటీలు ఇవాళ్టికీ చెప్పేది అదే మాట.

పైన చెప్పిన కేసు సంగతికొస్తే, చెత్త మీదే పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టుకెక్కారు. ఆ కేసు నడుస్తుండగానే 2000లో నిబంధనలు వచ్చాయి. చెత్తను శుద్ధి చేసే ఏర్పాట్లకు 2003 చివరి దాకా గడువిచ్చారు. గడువు పోయింది, గుట్టలు పెరిగాయి. కేసు 2014లో పర్యావరణ వివాదాలు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మారింది. 2016లో కొత్త నిబంధనలొచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో, బయట చెత్త తగలబెడితే రూ.5 వేలు, భారీగా తగలబెడితే రూ.25 వేలు కట్టాలని ట్రిబ్యునల్ చెప్పింది. రాగి తీగ కోసం వైర్లు కాల్చే పిల్లాడి దగ్గర ఆ డబ్బు ఎవరు వసూలు చేస్తారు?

మున్సిపాలిటీల మెడకు ఉచ్చు బిగిసింది 2020 జనవరిలో ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వుతో. ఆ ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు పాటించకపోతే, 10 లక్షలకు పైన జనాభా ఉన్న నగరానికి నెలకు రూ.10 లక్షలు, 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే రూ.5 లక్షలు, మిగతా అందరికీ లక్ష. ఆ 'మిగతా అందరి'లో నల్లగొండ పట్టణమూ ఉంది, అమరచింతా ఉంది. రెంటికీ ఒకే రేటు. మున్సిపాలిటీ కట్టలేకపోతే రాష్ట్ర ప్రభుత్వమే కట్టాలి. బాధ్యులైన అధికారుల సర్వీసు రికార్డులో ప్రతికూలంగా రాయాలని కూడా ఉంది. నాకైతే ఆ ఉత్తర్వులో పస ఉన్న వాక్యం ఇదొక్కటే అనిపిస్తుంది. మిగతాదంతా సర్కారు ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకోవడమే.

ఆ తిరకాసు ట్రిబ్యునల్‌కూ తెలిసినట్టుంది. 2022 అక్టోబరులో తెలంగాణ మీద సుమారు రూ.3,800 కోట్ల పరిహారం వేసినప్పుడు, డబ్బును విడి ఖాతాలో ఉంచి చెత్త, మురుగు పనులకే ఖర్చు పెట్టమంది. అందులో సింహభాగం మురుగునీటిదే. పాత చెత్తకు టన్నుకు రూ.300 చొప్పున లెక్కగట్టారు.

పాత చెత్త తీయడమంటే లారీకెత్తి ఇంకో చోట పోయడం కాదు. గుట్టను పొక్లెయిన్‌తో తవ్వి, వరుసలుగా పోసి, ఆరబెట్టి, గుండ్రంగా తిరిగే పెద్ద జల్లెడలో వేస్తారు. మెత్తటి మట్టి కిందికి రాలుతుంది. పాలిథిన్ కవర్లు, గుడ్డపేలికలు, తెగిన చెప్పులు పైన మిగులుతాయి. వాన పడితే అంతా ముద్దయి జల్లెడకు అంటుకుంటుంది, పని ఆగిపోతుంది. మిగిలిన పాలిథిన్‌ను సిమెంటు బట్టీల్లో బొగ్గుతో పాటు కాల్చవచ్చు. వాడపల్లి, మేళ్లచెర్వు వైపు ఆ ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి ఈ ప్రాంతానికి అదొక వెసులుబాటు. కానీ ఇళ్ల దగ్గరే తడి, పొడి వేరు చేయకపోతే తవ్విన చోటే మళ్లీ గుట్ట లేస్తుంది.

కాలుష్య నియంత్రణ మండలి తనంత తానుగా ఇలాంటి పరిహారం వేయవచ్చా అన్న వివాదం 2025 ఆగస్టులో తేలింది. వేయవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే ముందు అందుకు పద్ధతి ఏమిటో నిబంధనల్లో రాసుకోవాలి, అవతలి వాళ్ల మాట వినాలి. అంటే ఇకపై నోటీసు ట్రిబ్యునల్ చెన్నై బెంచి నుంచే రావాలని లేదు. మున్సిపల్ కమిషనర్ టేబుల్ మీదికి రాష్ట్ర మండలి నుంచే రావచ్చు.